తోట బంగళాలో ఆరుబయట పెళ్లి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఊరికి దూరంగా, పెద్ద చెట్ల మధ్య, పాత బంగళా ముందున్న పచ్చికలో పెళ్లి చేసుకోవాలని చాలామందికి ఉంటుంది. మా చెల్లి పెళ్లి అలాగే జరిగింది. ఆ తర్వాత తెలిసినవాళ్ల పెళ్లిళ్లు ఇంకొన్ని దగ్గరుండి చేయించాను. ఫోన్ చేసేవాళ్లంతా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు కాబట్టి జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను. ఇలాంటి చోట అందం మనం వెళ్లేసరికే ఉంటుంది. అందుకని డబ్బయినా శ్రద్ధయినా ముందు వచ్చినవాళ్ల సుఖానికి, ఆ తర్వాతే అలంకరణకు అని నేను గట్టిగా నమ్ముతాను. కింద చాలా జవాబుల్లో మీకు అదే కనిపిస్తుంది. ప్రశ్నలు పని జరిగే వరసలో ఉన్నాయి. మీకు కావాల్సిన దాని దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## చోటు ఖాయం చేసుకునే ముందు

బంగళా చూడ్డానికి ఈ ఆదివారం వెళ్తున్నాం. ముందుగా ఏం చూడాలి?

పెళ్లి ఏ వేళకు అనుకుంటున్నారో ఆ వేళకే వెళ్లండి. సాయంత్రం పెళ్లి పెట్టుకుని పొద్దున చూసొస్తే ఎండ ఎటు పడుతుందో, దోమలు ఎంతున్నాయో, పక్క రోడ్డు మీద రద్దీ ఎలా ఉంటుందో ఏమీ తెలియదు. గేటు దగ్గర నుంచే చూడటం మొదలుపెట్టండి. సామాన్ల లారీ లోపలికి పడుతుందా, తిరగడానికి చోటుందా? తర్వాత పచ్చిక మీద నాలుగైదు చోట్ల మడమతో గట్టిగా నొక్కండి. మడమ దిగబడే చోట కుర్చీ కాళ్లు కూడా దిగబడతాయి. కుళాయిలు తిప్పండి, ఫ్లష్‌లు నొక్కండి, ఫోన్ సిగ్నల్ చూడండి.

చివర్లో పచ్చిక మధ్య ఒక కుర్చీ వేయించుకుని పది నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. మీ అతిథులు ఏం చూస్తారో, ఏం వింటారో అప్పుడు తెలుస్తుంది. నేను ఇష్టపడి వెళ్లిన రెండు చోట్లను ఆ పది నిమిషాల వల్లే వదులుకున్నాను.

ఓనరుతో మాటలు బాగానే జరిగాయి. కాగితం మీద ఏమేం రాయించుకోవాలి?

మాటల్లో తేలిగ్గా ఒప్పుకున్నవన్నీ రాయించుకోండి. ముఖ్యంగా గంటలు: సామాన్లు ఎప్పటి నుంచి దింపొచ్చు, పాటలు ఎన్నింటికి ఆపాలి, మర్నాడు ఎన్నింటికి ఖాళీ చేయాలి. వాన వస్తే ఇంట్లోకి వెళ్లే హక్కు మనకు ఉందా, ఉంటే ఏ గదులు? మన కేటరింగ్ వాళ్లను తెచ్చుకోవచ్చా, వాళ్ల మనుషులనే పెట్టుకోవాలా? అదే రోజు అక్కడ ఇంకో వేడుక ఉండదని హామీ ఇస్తారా? ఏదైనా పాడైతే డిపాజిట్‌లో ఎంత పట్టుకుంటారు? పెద్ద శబ్దానికి, బాణసంచాకు, డ్రోన్‌కు అనుమతులు ఎవరు తేవాలో కూడా అందులోనే ఉండాలి. డ్రోన్ నిబంధనలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. ఫొటోగ్రాఫర్ "నేను చూసుకుంటాను" అన్నా అనుమతి కాగితం చూపించమనండి.

"ఎంతమందైనా పడతారు" అంటున్నారు. నిజంగా ఎంతమందిని పిలవొచ్చు?

చోటు కొలిచి చూసుకోండి. వరసగా కుర్చీలు వేసి కూర్చోబెట్టాలంటే మనిషికి 6 నుంచి 8 చదరపు అడుగులు కావాలి. గుండ్రటి బల్లల చుట్టూ భోజనమైతే 12 నుంచి 15 పడుతుంది. అంటే 100 మంది భోజనానికే 1,200 నుంచి 1,500 చదరపు అడుగులు. 5 అడుగుల గుండ్రటి బల్లకు 8 మంది, 6 అడుగుల బల్లకు 10 మంది సుఖంగా కూర్చుంటారు. డ్యాన్స్ ఉంటే, ఒకేసారి ఆడేవాళ్లకు తలా నాలుగైదు చదరపు అడుగులు కలపండి.

పచ్చిక ఎంత పెద్దదైనా లెక్క దానితో తేలదు. వాన వస్తే అందరూ తలదాచుకోగలిగే చోటు ఎంతుందో దాన్ని బట్టే గెస్ట్ లిస్ట్ రాసుకోండి. ఇంకో జాగ్రత్త: పాత ఇళ్ల బాల్కనీలు, పై అంతస్తు వరండాలు గ్రూప్ ఫొటోకు చాలా అందంగా కనిపిస్తాయి. అక్కడ ఒకేసారి ఎంతమంది నిలబడొచ్చో ఓనరును అడగకుండా ఎవర్నీ ఎక్కించకండి.

పాత భవనం కాబట్టి మేకులు వద్దు, టేపు వద్దు, కొవ్వొత్తులు వద్దు అంటున్నారు. ఇంక అలంకరణ ఎలా?

వాళ్లు చెప్పేది న్యాయమే. పాత సున్నపు గోడ టేపుతో పాటే ఊడొస్తుంది. గోడను ముట్టుకోకుండా, నేల మీద తనంతట తాను నిలబడే వాటితో పని చేయించండి. పొడవాటి కుండీలు, చెక్క ఫ్రేములు, స్టాండు మీద పెట్టిన అద్దాలు, మెట్లకు రెండు పక్కలా పూల గిన్నెలు చాలు. నిజానికి మంచి పాత తలుపు ముందు ఏమీ పెట్టకపోవడమే నాకు ఇష్టం.

## ప్లాన్ గీసే దశ

వాన పడితే ఏం చేయాలి? ఈ ఒక్క టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

పట్టదు మరి. ఆరుబయట పెళ్లిలో అసలు భయం ఇదే. దీనికి మందు ఒక్కటే: వానరోజు పెళ్లిని కూడా ఎండరోజు పెళ్లంత ఇష్టంగా ముందే ప్లాన్ చేయండి. చాలామంది "వస్తే చూద్దాం, లోపలికి వెళ్దాం" అని వదిలేస్తారు. లోపల కుర్చీలు ఎలా వేయాలి, వేదిక ఏ కిటికీ ముందు, మైకు ఎక్కడ, పూలు ఎటు మారాలి అన్నది ఒక కాగితం మీద గీసి ఉంచాలి. ఆ గీసిన లోపలి ప్లాన్ మీకు నచ్చేదాకా మార్చుకోండి. అది నచ్చిన రోజు సగం భయం పోతుంది.

రెండోది, నిర్ణయం ఎవరిది, ఎప్పుడు? ఐదు రోజుల ముందు వచ్చే వాతావరణ సూచనను చాలావరకు నమ్మొచ్చు. పది రోజుల ముందుదాన్ని సగం మటుకే నమ్మాలి. కాబట్టి రెండు వారాల ముందు నుంచి ఫోన్ చూసి దిగులుపడొద్దు. టెంటు వేయాలా వద్దా అన్నది టెంటు వాళ్లు అడిగిన గడువు నాటికి, లోపలా బయటా అన్నది పెళ్లి రోజు పొద్దున ఒక గంట పెట్టుకుని, ఒకే మనిషి తేల్చాలి. ఆ మనిషి పెళ్లికూతురో పెళ్లికొడుకో కాకూడదు. వాళ్ల మనసు చివరి నిమిషం దాకా "ఆగుతుందిలే" అనే అంటుంది.

టెంటు గురించి ఒక లెక్క. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే అది 1 లీటరు నీళ్లు. 100 చదరపు మీటర్ల టెంటు మీద 10 మిల్లీమీటర్లు పడితే 1,000 లీటర్లు, అంటే టన్ను బరువు. అదంతా టెంటు అంచు నుంచి ఎటు జారుతుంది, అతిథులు నడిచే దారిలోకేనా అని అడగండి. కప్పు సాగి మధ్యలో నీళ్లు నిలిచేలా ఉంటే ఆ టెంటు వద్దు. గేటు దగ్గర ఒకే రంగు గొడుగులు ఒక ముప్పై పెడితే వానలో తీసిన ఫొటోలు కూడా ముచ్చటగా వస్తాయి.

పెళ్లి ఏ టైముకు పెట్టుకుంటే మంచిది? వేదిక ఎటువైపు ఉండాలి?

సూర్యాస్తమయం ఎన్నింటికో చూసి వెనక్కి లెక్కపెట్టండి. అస్తమయానికి ముందు గంటసేపు వెలుతురు మెత్తగా, బంగారు రంగులో ఉంటుంది. జంట ఫొటోలకు ఆ గంటను వదిలిపెట్టాలి. అంటే పెళ్లి తంతు దానికి ముందే ముగియాలి.

వేదికకు సూర్యుడు పక్కనుంచి ఉండటం మేలు. జంట వెనక సూర్యుడుంటే అతిథులు కళ్లు చికిలించుకోవాలి, అతిథుల వెనక ఉంటే జంట చికిలించుకోవాలి. చెట్టు నీడ మంచిదే కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ ముఖాల మీద మచ్చల్లా వస్తుంది. నీడ మొత్తంగా పరుచుకున్న చోటు వెతకండి.

ఎండ దారి ఏడాదికి రెండుసార్లు ఒకేలా ఉంటుంది. జూన్ 21కి, డిసెంబర్ 21కి అటూ ఇటూ సమాన దూరంలో ఉన్న రోజుల్లో సూర్యుడు దాదాపు ఒకే దారిలో నడుస్తాడు. జులై 21న పెళ్లి అనుకోండి, మే 22న అదే వేళకు వెళ్లి నిలబడితే నీడలు ఎక్కడ పడతాయో ముందే కళ్లారా చూడొచ్చు. నాకు ఇది తెలిశాక కుర్చీల ప్లాన్ విషయంలో ఊహించడం మానేశాను.

ఇంట్లో కరెంటు ఉంది కదా, జనరేటర్ అవసరమా?

దాదాపు ఎప్పుడూ అవసరమే. పాత బంగళా వైరింగ్ ఒక కుటుంబానికి సరిపడేలా వేసింది. బయట వాడబోయే ప్రతి వస్తువు వెనకున్న వాట్లు రాసుకుని కూడండి. ఎల్‌ఈడీ దీపాలు ఎన్ని పెట్టినా పెద్దగా తినవు. నీళ్లు మరిగించేవి, వేడిగా ఉంచేవి, ఏసీలే అసలు బరువు, ఒక్కోటి 2,000 నుంచి 3,000 వాట్లు లాగుతుంది. వచ్చిన మొత్తానికి ఇంకో పావు వంతు కలపండి. జనరేటర్ మీద కేవీఏ అని రాసి ఉంటుంది, దాన్ని 0.8తో గుణిస్తే కిలోవాట్లు. 10 కేవీఏ జనరేటర్ 8 కిలోవాట్లు మోస్తుంది. వంటకు, మైకు-లైట్లకు లైన్లు వేరుగా లాగించండి. వంట దగ్గర ఫ్యూజు పోయినా మైకు ఆగకూడదు.

జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి వాసన ఉండదు, మనిషిని చంపేస్తుంది. తలుపులకు, కిటికీలకు, టెంటుకు కనీసం 6 మీటర్ల దూరంలో, గాలి మనవైపు వీచని పక్కన పెట్టించండి. చుట్ట చుట్టి ఉన్న కేబుల్ వేడెక్కుతుంది, కాబట్టి డ్రమ్ము నుంచి పూర్తిగా విప్పమనండి. మా చెల్లి పెళ్లిలో జనరేటర్ ఇచ్చినవాళ్లు డీజిల్ సగమే పోసి వెళ్లిపోయారు, రాత్రి తొమ్మిదింటికి మొత్తం చీకటైంది. అప్పటి నుంచి ట్యాంకు మూత తీయించి చూశాకే సంతకం పెడుతున్నాను.

బాత్రూములు రెండే ఉన్నాయి. 150 మంది వస్తున్నారు.

సరిపోవు. సాధారణంగా 50 మందికి ఒకటి లెక్క వేస్తారు. వేడుక నాలుగైదు గంటలు దాటితే ఇంకొకటి కలపాలి. పాత ఇంటి సెప్టిక్ ట్యాంకు ఇంతమందిని తట్టుకోదు. పెళ్లికి వారం ముందు ఖాళీ చేయించండి, బయట అద్దె టాయిలెట్లు పెట్టించండి. వాటిని కంటికి కనపడని పక్కన, దీపం ఉన్న దారిలో పెట్టాలి. లోపల అద్దం, సబ్బు, తుడుచుకునే గుడ్డలు, చిన్న పూలగ్లాసు పెట్టండి. వేదిక మీద పూలు కొంచెం తగ్గినా ఎవరూ గమనించరు, శుభ్రమైన బాత్రూమును మాత్రం అందరూ గుర్తుపెట్టుకుంటారు.

మైకు లేకుండా సహజంగా ఉంటే బాగుంటుంది అనిపిస్తోంది. వెనక వరసకు వినిపించదా?

వినిపించదు. గోడలు లేని చోట, దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. దానికి గాలి, ఆకుల చప్పుడు తోడు. జంటకు, పెళ్లి జరిపించేవాళ్లకు చిన్న కాలర్ మైకులు పెట్టి, వాటికి గాలిచప్పుడు ఆపే స్పాంజి తొడగండి. ముందు రెండు పెద్ద స్పీకర్లు పెట్టి మోగించే బదులు, దారికి రెండు పక్కలా చిన్నవి నాలుగు తక్కువ సౌండ్‌లో పెడితే మాట పక్కన కూర్చుని చెప్పినట్టు వినిపిస్తుంది, పొరుగువాళ్లకూ ఇబ్బంది ఉండదు.

ఆరుబయట భోజనాల్లో జాగ్రత్తలేమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ఇందులో మొహమాటం పనికిరాదు. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య తిండిలో క్రిములు వేగంగా పెరుగుతాయి. వేడిది 60కి పైన, చల్లనిది 5కి కింద ఉండాలి. మధ్యలో ఉన్నది రెండు గంటలు దాటితే పారేయాలి. బయట 32 డిగ్రీలు దాటిన రోజైతే గంటే. అందుకే అన్నీ ఒకేసారి బల్ల మీద పరవొద్దు, కొంచెం కొంచెంగా తెప్పించండి. గేటులో అడుగుపెట్టగానే చేతికి చల్లటి నీళ్లు అందాలి. పెళ్లి తంతు అయ్యాక ఇద్దామని దాచిపెట్టే ఏర్పాటు నాకు నచ్చదు.

## అందం, మీ సొంత ముద్ర

స్టయిల్‌గా ఉండాలి కానీ మరీ ఎక్కువైనట్టు కనిపించకూడదు. రంగులు ఎలా ఎంచుకోవాలి?

ఆ బంగళా ఫొటో ఒకటి ముందు పెట్టుకోండి. రాయి రంగు, పెంకుల రంగు, తలుపుల రంగు, ఆ నెలలో చెట్ల రంగు చూడండి. వాటిలోంచి రెండు తీసుకుని, మీకు ఇష్టమైనది ఒకటి కలపండి. మూడు చాలు. ఆహ్వాన పత్రిక నుంచి బల్ల మీద గుడ్డ దాకా ఆ మూడే కనిపిస్తే చూసేవాళ్లకు "అంతా ఒక చేయి చేసింది" అనిపిస్తుంది. పచ్చికే పెద్ద రంగు అని మర్చిపోవద్దు. పచ్చిక మీద ఇంకో పచ్చ తెస్తే రెండూ కొట్టుకుంటాయి.

అలంకరణను చోటంతా పలచగా చల్లకండి. కళ్లు పడే చోట్లు మూడే: లోపలికి వచ్చే దారి, పెళ్లి వేదిక, భోజనం బల్ల. ఖర్చంతా అక్కడ పెట్టి మిగతాది తోటకు వదిలేయండి.

పర్సనల్ టచ్ అంటే అందరూ పేర్ల బోర్డు, ఇద్దరి మొదటి అక్షరాల స్టాంపు పెడుతున్నారు. మాకు వేరేగా ఏమైనా కావాలి.

పేరు రాసినంత మాత్రాన వస్తువు మీదైపోదు. మీ ఇద్దరి జీవితంలోంచి వచ్చిందే మీది. ఒక సాయంత్రం ఇద్దరూ కూర్చుని కాగితం మీద రాసుకోండి. మీరు కలిసిన చోటు, మొదట గొడవపడిన విషయం, ఇంట్లో ఎప్పుడూ వినిపించే పాట, అమ్మ ఎప్పుడూ అనే మాట, ఎన్నో ఏళ్లుగా ఇంట్లో ఉన్న ఏదో ఒక వస్తువు. ఆ జాబితాలోంచే ఆలోచనలు పుడతాయి.

నేను చూసిన వాటిలో మనసులో నిలిచిపోయినవి కొన్ని చెప్తాను. ఒక జంట బల్లలకు నంబర్లు పెట్టలేదు. తాము కలిసి వెళ్లిన ఊళ్ల పేర్లు పెట్టి, ఒక్కో బల్ల మీద ఆ ఊళ్లో జరిగిన సంగతి నాలుగు వాక్యాల్లో రాశారు. అతిథులు తమ బల్ల కథ చదివి పక్క బల్లకు వెళ్లి వాళ్లది చదివారు, ఒకరికొకరు తెలియనివాళ్లు అలా మాటల్లో పడ్డారు. ఇంకో పెళ్లిలో ప్రతి అతిథి కుర్చీ మీద ఆ మనిషికి మాత్రమే రాసిన చిన్న చీటీ ఉంది. 80 చీటీలు, ఇద్దరూ రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని చేత్తో రాశారు. పెద్దవాళ్లు కొందరు దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం నేను చూశాను. మూడోది చాలా చిన్నది. పెళ్లికూతురి అమ్మమ్మ పాత చీర అంచును పూలగుత్తి కాడలకు చుట్టారు. చెప్తే గానీ ఎవరికీ తెలియదు. అయినా ఆ పిల్ల రోజంతా దాన్ని తడుముకుంటూనే ఉంది.

ఇలాంటివి రెండో మూడో ఉంటే చాలు. పదిహేను పెడితే ఏదీ మిగలదు.

మా నాన్నగారు లేరు. ఆయన్ని ఆ రోజు గుర్తు చేసుకోవాలని ఉంది, కానీ వేడుక బరువెక్కకూడదు.

ముందు మీ అమ్మగారిని అడగండి. అందరి ముందు ఆయన పేరు చెప్పడం ఆమెకు ఓదార్పో, తట్టుకోలేని విషయమో మీకంటే ఆమెకే తెలుసు. ఇష్టమైతే మొదటి వరసలో ఒక కుర్చీ, దాని మీద ఆయన కళ్లజోడో, చదివే పుస్తకమో పెట్టండి. పెద్ద ఫొటో కంటే చేత్తో వాడిన వస్తువు మెత్తగా ఉంటుంది. మాట చెప్పాలనుకుంటే వేడుక మొదట్లోనే, రెండు మూడు వాక్యాల్లో, బాగా దగ్గరివాళ్లొకరు చెప్పాలి. మొదట్లో చెప్తే కళ్లు తుడుచుకున్నాక ఆనందానికి చాలా సమయం మిగులుతుంది. ఎవరికీ చూపించకుండా గుర్తుంచుకోవడమూ ఉంది. ఆయన చేతిరాతలోంచి ఒక్క మాటను మీ బట్టల లోపలి అంచులో కుట్టించుకోవచ్చు.

ఒకరికొకరం చెప్పుకునే మాటలు మేమే రాసుకుంటున్నాం. ఎంత పొడుగు ఉండాలి?

బయటికి చదివితే రెండు నిమిషాలు దాటకూడదు. ఫోన్‌లో చూసి చదవొద్దు, ఎండలో తెర కనపడదు. దళసరి కార్డు మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి, పలచని కాగితమైతే గాలికి కొట్టుకుంటుంది. ఇంకో కాపీ నమ్మకమైనవాళ్ల దగ్గర ఉంచండి.

పూలు ఎండకు వాడిపోవా?

రకాన్ని బట్టి ఉంటుంది. హైడ్రాంజియా లాంటివి నీళ్లు బాగా తాగుతాయి, ఎండలో గంటలోనే తల వాలుస్తాయి. చామంతి, కార్నేషన్, ఆర్కిడ్ గట్టివి. నీళ్లు లేకుండా కట్టే చోట గట్టి రకాలు, గ్లాసుల్లో పెట్టే చోట సున్నితమైనవి వాడండి. కాడలు ఏటవాలుగా కోసి, నీళ్లలో మునిగే ఆకులు తీసేయాలి. పండిన పళ్ల పక్కన పూలబుట్టలు పెట్టొద్దు, పళ్లనుంచి వచ్చే ఇథిలీన్ అనే వాయువుకు పూలు త్వరగా వాడతాయి. ఆ నెలలో సహజంగా పూసేవాటిని అడిగితే తాజాగా దొరుకుతాయి, ఆ తోటలోంచే పుట్టినట్టు కూడా ఉంటాయి.

లైట్లు ఎలాంటివి పెట్టించాలి?

అన్నీ ఒకే రంగు వెలుగువి. డబ్బా మీద 2700 కెల్విన్ అని ఉన్నవి తీసుకుంటే దీపపు కాంతిలా పసుపుగా, ముఖాలకు నిండుగా ఉంటుంది. తెల్లవి, పసుపువి కలిస్తే ఎంత ఖర్చుపెట్టినా చూడ్డానికి బాగోదు. వెలుగును పైనుంచి కొట్టించకుండా ఒకటి రెండు పెద్ద చెట్లకు కింద నుంచి వేయించండి, తోట లోతు కనిపిస్తుంది. దండలు కట్టేటప్పుడు చెట్లకు మేకులు కొట్టొద్దు, మెత్తటి పట్టీలతో కట్టాలి. మెట్లు, గుంటలు, బాత్రూము దారి, పార్కింగ్‌కు లైట్లు ముందు లెక్కేసి, మిగిలిన వాటితో అందం చేయండి.

అతిథులకు బట్టలు, చెప్పుల గురించి ముందే చెప్పడం బాగుంటుందా?

తప్పకుండా చెప్పండి, వాళ్లు సంతోషిస్తారు. "వేడుక పచ్చిక మీద, సాయంత్రం చల్లగా ఉంటుంది, సన్నని హీల్స్ దిగబడతాయి" అని ఆహ్వానంతో పాటే ఒక వాక్యం రాయండి. చీకటిపడ్డాక కప్పుకోవడానికి ఒక బుట్టలో శాలువాలు ఉంచండి.

## చివరి నెల, చివరి వారం

దోమలకు ఏం చేయాలి?

పది రోజుల ముందు తోటంతా తిరిగి నిలవనీళ్లు పారబోయించండి. కుండీల కింద పళ్లాలు, పాత బకెట్లు, నీళ్లు రాని ఫౌంటెన్. వెచ్చటి వాతావరణంలో గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులే పడుతుంది. ఆ రోజు బల్లల దగ్గర స్టాండు ఫ్యాన్లు పెట్టండి. దోమ బలహీనంగా ఎగురుతుంది, ఫ్యాను గాలికి ఆగలేదు. మనం వదిలే ఊపిరి వాసన కూడా చెదిరిపోతుంది. పొగ పెట్టాలంటే అతిథులు రాకముందే ముగించండి.

పచ్చిక ఎప్పుడు కోయించాలి?

రెండు మూడు రోజుల ముందు. ముందురోజు కోస్తే తుక్కు బట్టలకు అంటుకుంటుంది. కోశాక నీళ్లు పెట్టడం ఆపేయమని తోటమాలికి చెప్పండి.

దారి తెలియక అందరూ ఫోన్ చేస్తారేమో. పార్కింగ్ కూడా తక్కువే.

ఫోన్ మ్యాపు పెట్టుకుని మీరే ఒకసారి వెళ్లి చూడండి. పల్లెదారుల్లో అది వెనక గేటుకో, పొలం గట్టుకో తీసుకెళ్తుంది. సరైన గేటు లొకేషన్ పంపండి, ఆఖరి రెండు మూడు మలుపుల దగ్గర మీ పేర్లున్న చెక్క గుర్తులు నిలబెట్టించండి. దూరం నుంచి వచ్చేవాళ్లకు ఒక చోట కూడుకునేలా బస్సు పెడితే కార్లు సగానికి తగ్గుతాయి. పెద్ద చెట్ల కింద కార్లు పెట్టనివ్వకండి. బరువుకు మట్టి గట్టిపడి వేళ్లకు గాలి ఆడదు, ఆ దెబ్బ చెట్టు మీద కనిపించడానికి ఏళ్లు పట్టొచ్చు.

వీల్‌చైర్‌లో వచ్చే పెద్దవాళ్లు ఉన్నారు. పచ్చిక మీద ఎలా?

గేటు నుంచి వేదికకు, భోజనానికి, బాత్రూముకు గట్టి దారి కావాలి. చెక్క పలకలో, రబ్బరు మ్యాట్లో 90 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకుండా పరిపించండి. మెట్టు ఉన్నచోట వాలు 1కి 12, అంటే ఒక అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు. వాళ్ల కుర్చీ చోటు వరస చివర విసిరేసినట్టు ఉండొద్దు, కుటుంబం మధ్యలోనే ఒక కుర్చీ తీసి చోటు ఉంచండి. మందులు వేసుకునే వేళను బట్టి భోజనం ముందుగా అందేలా ఒకరికి అప్పగించండి.

పిల్లలను తీసుకురమ్మనాలా?

అది మీ ఇష్టం. రమ్మంటే మాత్రం చెరువు, బావి, ఫౌంటెన్ చుట్టూ అడ్డు కట్టించి, ఒక పెద్దమనిషిని పిల్లల మీదే కన్ను వేసి ఉంచమనండి. "అందరూ చూస్తుంటారు కదా" అన్న చోట ఎవరూ చూడరు.

## ఆ రోజు

ఆరోజు పనులు ఎవరు చూసుకోవాలి? అమ్మానాన్నలే తిరుగుతారా?

వాళ్లు కూర్చోవాలి. ఏళ్ల తరబడి ఎదురుచూసిన రోజున వాళ్లు ప్లేట్లు లెక్కపెడుతూ ఉండటం చూస్తే నాకు బాధేస్తుంది. మనిషిని డబ్బిచ్చి పెట్టుకోలేకపోతే కుదురుగా ఉండే స్నేహితులు ఇద్దర్ని అడగండి. ఒకరు సామాన్లు, పనివాళ్లు. ఇంకొకరు కుటుంబం, సమయం. ఎవరు ఎన్నింటికి వస్తారు, ఎవరి నంబరు ఏది, ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది ఒకే పేజీలో రాసి అందరికీ ఇవ్వండి. మీ ఇద్దరి ఫోన్లు ఆ పొద్దున వాళ్ల చేతిలో పెట్టేయండి.

గాలి ఎక్కువైతే?

గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. టెంటు ఎంత గాలికి తట్టుకుంటుందో ఇచ్చినవాళ్లను ముందే అడిగి, ఆ అంకె దాటబోతుంటే జనాన్ని బయటికి పంపాలి. గుంజలు దిగ్గొట్టలేని చోట నీళ్ల డ్రమ్ములు కడతారు, 200 లీటర్ల డ్రమ్ము అంటే 200 కిలోలు. నిండా ఉన్నాయో లేదో తట్టి చూడండి. బల్ల మీది కార్డుల మీద నున్నటి రాళ్లు పెట్టండి, పొడుగాటి సన్న గాజు కూజాలు వద్దు.

ఉరుము వినిపిస్తోంది, వాన ఇంకా రాలేదు. కొనసాగించొచ్చా?

వద్దు. మెరుపు చూసిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉంది. అందర్నీ ఇంట్లోకో, అద్దాలు మూసిన కార్లలోకో పంపండి. టెంటు రక్షణ ఇవ్వదు, చెట్టు కింద అసలు నిలబడొద్దు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రండి. పెళ్లి అరగంట ఆలస్యమైతే ఏమీ కాదు.

"మా పెళ్లిలో మేమే ఏమీ చూడలేదు, ఏమీ తినలేదు" అని అందరూ అంటారు. మాకలా కాకూడదు.

తంతు అయిన వెంటనే పావుగంట మీ ఇద్దరికే రాయించుకోండి. ఇంటి లోపల ఒక గది, రెండు ప్లేట్లు, తలుపు బయట ఒక మనిషి. ఫొటోగ్రాఫర్ కూడా ఉండకూడదు. తర్వాత చీకటి పడేటప్పుడు, లైట్లు వెలిగిన కొత్తలో, ఇద్దరూ కలిసి పచ్చిక చివరిదాకా నడిచి వెనక్కి తిరిగి చూడండి. వెలిగే కిటికీలు, మీకోసం వచ్చినవాళ్ల మాటలు, నవ్వులు. ఈ పని చేసిన జంటలందరూ తర్వాత నాతో ముందుగా చెప్పింది దాని గురించే.

## మర్నాడు

బంగళా తిరిగి అప్పగించేటప్పుడు గొడవలు రాకుండా ఏం చేయాలి?

సామాన్లు దింపకముందే ఇంటినీ తోటనూ ఫోన్‌లో వీడియో తీసి ఓనరుకు పంపండి, ఖాళీ చేశాక అదే దారిలో నడుస్తూ మళ్లీ తీయండి. గడ్డిలో పిన్నులు, వైరు ముక్కలు, గాజు పెంకులు ఏరించాలి. తర్వాత అక్కడ ఆడుకునేది ఎవరి పిల్లలో. మెరుపు కాగితాలు చల్లనివ్వకండి, అవి నెలల తరబడి మట్టిలో ఉంటాయి, పూలరేకులైతే కలిసిపోతాయి. మిగిలిన పూలను రాత్రే బకెట్లలో పెట్టి, పొద్దున దగ్గర్లోని వృద్ధాశ్రమానికో ఆసుపత్రికో ముందే అడిగి పంపొచ్చు. టెంటు కింద పచ్చిక పసుపు తిరిగి ఉంటుంది. అది చూసి ఓనరు కంగారుపడితే, ఎండ తగిలి నీళ్లు పెడితే కొన్ని వారాల్లో కోలుకుంటుందని చెప్పండి, తోటమాలికి ఆ నీళ్ల ఖర్చు మీరే ఇచ్చి రండి.